బావ బదులు ఊదినవాడు

ఆ ఉదయం పెద్ద గుమాస్తా పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఆఫీసులో మెడికల్ క్యాంప్. గొట్టంలోకి ఊదితే ఒంట్లో ఎంత పొగ ఉందో యంత్రం చెప్పేస్తుంది. లేకపోతే ఆకుపచ్చ చీటీ, ఉంటే ఎర్ర చీటీ. ఆకుపచ్చది చూపిస్తేనే రెండు నెలల మనవరాలిని ఎత్తుకోనిస్తానని కూతురు ఖరాఖండీగా చెప్పేసింది. సిగరెట్ మానేసి మూడు నెలలైందని ఆయన ఇంట్లో చెప్పుకుంటున్నాడు. మానేసిన మాట నిజమే, కాకపోతే ఇంట్లో మాత్రమే.

అందుకని, జన్మలో సిగరెట్ ముట్టని బావమరిది చేత తన బదులు ఊదించాలని నిశ్చయించుకున్నాడు. అతనూ అదే ఆఫీసులో రికార్డుల గుమాస్తా. ఎవరి చెవినా పడకూడదని పది గంటలకే అతణ్ణి రికార్డుల గదిలోకి లాక్కెళ్లి, తలుపులూ కిటికీలూ బిగించేశాడు.

"ఒరేయ్, క్యాంప్‌కి నా పేరు రాసిచ్చిన చీటీ ఇది, పట్టుకెళ్లి ఒక్కసారి ఊదెయ్యరా. నర్సమ్మ బయటనుంచి వచ్చింది, మన మొహాలు తెలీవు."

"అక్కకి తెలిస్తే నన్ను బతకనిస్తుందా బావా? నావల్ల కాదు."

బతిమాలడమంటే మాటలా? కంగారుకి ఒకటి వెలిగించాడు. బావమరిది మెత్తబడటం లేదని రెండోది, మెత్తబడుతున్నాడన్న సంబరంలో మూడోది. అలా గంట గడిచేసరికి బీరువాలు మసగ్గా కనిపించసాగాయి. బావమరిది దగ్గుతూ సరేనన్నాడు. మనసొప్పి అన్నాడో, ఊపిరాడక అన్నాడో ఆయన అడగలేదు.

బావమరిది వెళ్లి ఊదాడు. ఎర్ర దీపం వెలిగింది. క్యాంప్ గదిలో తెర వెనక నక్కిన పెద్ద గుమాస్తా సందులోంచి తొంగిచూశాడు.

"ఇంకోసారి ఊదండి," అంది నర్సు. మళ్లీ ఎరుపే. "రోజుకెన్ని తాగుతారు?"

"ఒక్కటి కూడా లేదండీ, ఒట్టు!"

"అందరూ ఇదే పాట. ఉండండి, మీ ఇంట్లోవాళ్లనే అడుగుతా," అంటూ చీటీ మీదున్న నంబరుకి ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పేసింది. అది కూతురి నంబరు.

"నాన్నా! ఇంకా మానలేదా నువ్వు?" ఫోన్ గయ్యిమంది.

"అమ్మాయ్, నేను నాన్నని కాదే, మావయ్యని!" అనేశాడు బావమరిది.

ఇక దాక్కుని లాభం లేదు. పెద్ద గుమాస్తా తెర తోసుకుని ఊడిపడ్డాడు. "యంత్రం పాడైందమ్మా! వీడికి సిగరెట్ వాసనే గిట్టదు!"

నర్సు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, బావమరిదిని అడిగింది: "ఇందాకట్నుంచి ఎక్కడున్నారు?"

"రికార్డుల గదిలో. బావతో," అన్నాడతను, దగ్గు ఆపుకుంటూ.

"యంత్రానికేం, దివ్యంగా ఉంది. ఆయన తాగారు, మీరు పీల్చారు."

ఫోన్‌లో కూతురు నెమ్మదిగా అంది: "గంటలో మావయ్యకే ఇంత ఎక్కితే, పాప గతేంటి నాన్నా?"

ఫోటోలో చూసిన ఆ చిట్టి ముక్కు ఆయన కళ్లముందు మెదిలింది. సిగ్గు ముంచుకొచ్చింది, భయం కూడా వేసింది.

"పాపని ఇప్పుడే తీసుకురాకమ్మా," అన్నాడు చివరికి. "నిజంగా మానేశాక నేనే కబురు చేస్తా." జేబులోని సిగరెట్ పెట్టె తీసి నర్సు బల్లమీద పెట్టేశాడు.

నర్సు ఎర్ర చీటీ అందించింది. పేరు ఎలాగూ ఆయనదే కాబట్టి మార్చక్కర్లేదంది. మోసం చెయ్యడానికి పొద్దుటినుంచీ అంత అవస్థ పడితే, చేతికొచ్చిన కాగితంలో పొల్లు పోకుండా నిజమే ఉంది.