సురక్షితమైన అరవై మూడు డ్రమ్ములు

ఇకమీదట కోనసీమలో విషం కూడా క్రమశిక్షణతో మెలగాల్సి ఉంటుందని ప్రమాదకర రసాయనాల భద్రతా సంస్థ చైర్మన్ వీరేంద్ర గారు ప్రకటించారు. స్థలం కొత్తపేట, సందర్భం ఆయన పుట్టినరోజు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. విషం గురించి అంత మంచి మాట ఎవరూ చెప్పగా నేను వినలేదు మరి.

నాది ఫ్లెక్సుల షాపు. పేరు లావణ్య డిజిటల్స్. వీరేంద్ర గారికి పదవి వచ్చినా, పోయినా, వస్తోందని పుకారు పుట్టినా ఫ్లెక్సు నా దగ్గరే. ఆయన బుగ్గ మీద పుట్టుమచ్చ ఎక్కడుంటుందో ఆయన ఇంట్లోవాళ్ళ కంటే నాకే బాగా తెలుసు.

సంస్థ పని గొప్పది. రొయ్యల చెరువుల గట్ల మీద మిగిలిపోయిన ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడరు, గడువు తీరిన పురుగుమందులు, కాలేజీ ల్యాబుల్లో మూలపడ్డ ఆసిడ్లు, ఇవన్నీ పోగుచేసి, ఏ రకానికి ఆ రకం విడదీసి భద్రపరచాలి. అందుకోసం పి.గన్నవరం రోడ్డులో పాత కొబ్బరి గోడౌన్ ఒకటి తీసుకున్నారు. చుట్టూ నలభై ఇళ్ళున్నాయి. ఇళ్ళుంటే దొంగల భయం ఉండదని చైర్మన్ గారే స్వయంగా ఎంపిక చేశారు.

విడదీసే పని మోషే గారికి అప్పజెప్పారు. జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసి రిటైరైన మనిషి. పదకొండు రోజులు చేతికి రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని అరవై మూడు డ్రమ్ములూ తేల్చారు. ఒక్కోదాని మీద నల్లరంగుతో, బ్రష్షుతో, లోపలేముందో, ఒంటికి తగిలితే ఏమవుతుందో, పక్కన ఏది ఉండకూడదో రాశారు. ఆసిడ్లు ఈ గోడకి, బ్లీచింగ్ ఆ గోడకి, మధ్యలో సుద్దగీత. భార్య అమ్మాజీ గారు క్యారేజీ తెస్తే గీత కాదు కదా, గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు.

పన్నెండో రోజు చైర్మన్ గారి పీఏ జీవరత్నం గారు తనిఖీకి వచ్చారు. వెనకాలే కొలతల టేపుతో నేను.

"అంతా బానే ఉందండి. సారు ఫోటో ఏదండి?" అన్నారు జీవరత్నం గారు.

"డ్రమ్ము మీదాండి?" అన్నారు మోషే గారు.

"ఆయ్. ఫోటో లేకపోతే ఈ డ్రమ్ములు ఎవరివని అనుకుంటారండి జనం?"

మోషే గారు వంగి డ్రమ్ము మీద తన రాతనే మళ్ళీ ఓసారి చదువుకున్నారు. ముప్పై ఏళ్ళు ల్యాబులో ఉండిపోవడం వల్ల ఆయనకు లోకజ్ఞానం కొంచెం తక్కువ.

మర్నాటికి నాలుగు రకాల లేబుళ్ళు తయారుచేసి చైర్మన్ గారింటికి పట్టుకెళ్ళాను. మండేవి, ఒళ్ళు కాల్చేవి, విషం, ప్రమాదం లేనివి. నాలుగింటి మీదా ఆయన నవ్వుతూ దణ్ణం పెడుతున్న ఫోటో వేశాను. చైర్మన్ గారు మూడోది చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఏవండీ, నా మొహం కింద 'విషం' అని రాసేసేరేటండి?"

"లోపలున్న సరుకు అదేనండి."

"లోపలిది ఎవడికి కనపడతాదండి? బయట నేనే కదండీ కనపడేది!"

ఆ మాటలో న్యాయం ఉంది. విషం డ్రమ్ముల మీద మాజీ చైర్మన్ గారి ఫోటో వేద్దామా అని జీవరత్నం గారు ఉపాయం చెప్పారు. చైర్మన్ గారి మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

"విషం డ్రమ్ములెన్నండి?"

"ముప్పై తొమ్మిదండి. మిగతా అన్ని రకాల కంటే అవే ఎక్కువ."

"అంటే నా కంటే ఆయన ఫోటోలే ఎక్కువైపోతాయన్నమాట. బావుందండీ మీ తెలివి!"

కాఫీలొచ్చాయి. కాఫీ అయ్యేసరికి చైర్మన్ గారు మొత్తం సమస్యని మూలానికి వెళ్ళి పరిష్కరించారు. "అసలు నా సంరక్షణలోకి వచ్చేసేక అవి ప్రమాదం ఎలా అవుతాయండి? ప్రమాదమే అయితే నేనెందుకండి, ఈ సంస్థ ఎందుకండి?" అరవై మూడింటికీ ఒకే లేబులు ఖాయమైంది. పైన ఫోటో, కింద పెద్దక్షరాల్లో 'సురక్షితం', అడుగున అలవాటు ప్రకారం నా షాపు పేరు, ఫోను నంబరు.

తీరా అంటించబోతే మోషే గారి రాత అడ్డం. ఫ్లెక్సు పలచన, నల్లరంగు కిందనుంచి కనిపించి సారు పళ్ళ మీద చారలు పడుతున్నాయి. థిన్నరు, గుడ్డ పట్టుకుని చెరపడం మొదలుపెట్టాను.

"అది చెరిపేస్తే రేపు మనకే తెలీదండి, ఏది ఏదో," అన్నారు మోషే గారు నా చెయ్యి పట్టుకుని.

"మీరున్నారు కదండీ!" అన్నారు జీవరత్నం గారు. అంతకంటే గౌరవం ఒక రిటైర్డు అటెండరుకి ఎవరిస్తారు చెప్పండి.

ప్రారంభోత్సవం నాడు గ్రూపు ఫోటో తీశారు. పొట్టి డ్రమ్ములు ముందు వరసలో, పొడుగువి వెనక వరసలో ఉంటే చైర్మన్ గారి అరవై మూడు మొహాలూ కనపడతాయని కెమెరా ఆయన చెప్పాడు. సుద్దగీత తుడిచేసి డ్రమ్ములన్నీ సర్దారు. ఆసిడ్ డ్రమ్ము పక్కకి బ్లీచింగ్ డ్రమ్ము వచ్చింది.

"బాబ్బాబు, ఆ రెండూ కలవకూడదండి. కలిస్తే పుట్టే గ్యాసుకి మనిషి నిలబడలేడు," అని మోషే గారు చేతులు జోడించారు.

"మా పార్టీలోనూ అలాంటోళ్ళు ఇద్దరున్నారండి. ఒకే కార్లో తిరుగుతున్నారు," అన్నారు చైర్మన్ గారు. నవ్వని పాపాన ఒక్క మోషే గారే పోయారు. ఫోటో మాత్రం పత్రికల్లో అద్భుతంగా వచ్చింది. ఎలా ఉన్నవి అలాగే ఉంచమని, పైనుంచి పెద్దలు చూడటానికి వస్తారని ఆర్డరు వేసి, తాళాలు మోషే గారికిచ్చారు.

నాలుగో రోజు పొద్దున్న పదింటికి నాకు ఫోనొచ్చింది.

"అండీ, లావణ్య డిజిటల్స్ అండీ? ఇక్కడ గోడౌన్ దగ్గర మనిషి పడిపోయేడండి. డ్రమ్ము మీద మీ నంబరే ఉంటే చేసేమండి."

పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి మోషే గారిని అంబులెన్సులో అమలాపురం తీసుకెళ్ళిపోయారు. డ్రమ్ము ఏదో పగిలి పొగ లేచిందట. చుట్టుపక్కలవాళ్ళని దూరంగా పొమ్మని అరిచి, ఈయన ఒక్కరే లోపలికెళ్ళి రెండు డ్రమ్ముల్ని ఈడ్చి విడదీశారట. అరవై మూడూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఆ రెండూ ఏవో ఎవరికీ తెలీదు. నలభై ఇళ్ళలో ఒక్కరికీ దగ్గు కూడా రాలేదు.

అక్కడుండగానే ఆసుపత్రి నుంచి డాక్టరు గారి ఫోను. ఆయనకీ ఎవరో నా నంబరే ఇచ్చారు.

"పేషెంటు మాట్లాడలేకపోతున్నాడు, గొంతు కాలిపోయింది. ఏ రసాయనమో తొందరగా చెప్పండి. పురుగుమందైతే ఒక వైద్యం, గ్యాసైతే ఇంకోటి. తప్పు మందు ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది. డ్రమ్ము మీద ఏముంది?"

"సురక్షితం అనుందండి."

"ఇంకా?"

"చైర్మన్ గారు నవ్వుతున్నారండి."

"దాని కింద?"

"నేనేనండి," అన్నాను. అవతల ఫోను పెట్టేశారు.

ఆసుపత్రిలో మోషే గారు మంచం మీద ఉన్నారు. కళ్ళకి కట్లు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. అమ్మాజీ గారు నన్ను చూడగానే లేచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"చెరిపింది మీరేనంట కదండీ. చెరిపేటప్పుడు చదివే ఉంటారు కదా బాబూ, కాస్త గుర్తు తెచ్చుకోండి."

అరవై మూడు చెరిపాను. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆవిడ అడిగింది మోషే గారు విన్నట్టున్నారు. గాలిలో వేళ్ళు కదిపి రాస్తున్నట్టు చూపించారు. నర్సు పెన్ను చేతికిచ్చి, అట్ట మీద కాగితం పెట్టింది. కళ్ళకి కట్లతోనే, వంకరటింకరగా రాశారు. 'ఆసిడ్, బ్లీచింగ్. క్లోరిన్ గ్యాసు. మిగతావి ఎవరూ ముట్టుకోవద్దు.' డాక్టరు గారు ఆ కాగితం చూసి లోపలికి పరిగెత్తారు. అరగంటకి ఊపిరి కాస్త కుదుటపడింది. కళ్ళ సంగతి వారం ఆగితే గానీ చెప్పలేమన్నారు.

సాయంత్రం జీవరత్నం గారు బత్తాయిలతో వచ్చారు. చైర్మన్ గారు ఎంత బాధపడుతున్నారో చెప్పారు. తర్వాత బ్యాగులోంచి టైపు చేసిన కాగితం తీశారు.

"చిన్న సంతకమండి."

"కళ్ళు కనపడటం లేదు కదండీ ఆయనకి," అన్నారు అమ్మాజీ గారు.

"చూడకుండా ఎంత బాగా రాయగలరో డాక్టరు గారు చెప్పేరండి!"

"అయితే అందులో ఏముందో చదవండి."

కళ్ళజోడు తేలేదని జీవరత్నం గారు కాగితం నాకిచ్చారు. ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివాను. గోడౌన్‌లోని డ్రమ్ములన్నీ సురక్షితమేననీ, మోషే అను నేను ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే లోపలికి పోయి వాటిని కదిపి పాడుచేశాననీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ ఉంది. చదువుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

జీవరత్నం గారు పెన్ను మూత తీసి మోషే గారి వేళ్ళ మధ్య పెట్టారు. మోషే గారు దాన్ని వదిలేశారు. పాపం చేతులు వణుకుతున్నాయి కాబోలని జీవరత్నం గారు మంచం కిందకి వంగి, పెన్ను తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. అలా ఏడుసార్లు వంగారు. నడుం నొప్పి ఉన్న మనిషి, అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు.