తెర మీద మనిషి

మర్నాడు తన్మయి పెళ్ళి. జహనుమాలోని ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపు ఏ కారులో జరగాలో ఆ ఉదయమే తేల్చేయాలనుకున్నాడు ఆమె తండ్రి, హోమియో డాక్టరు సదాశివ. పొగమంచు ఇంకా విడవలేదు. శాలిబండ గల్లీలో, ఇంటి ముందు రెండు కార్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకటి సదాశివ తండ్రి బతికుండగా నడిపినది: గుండ్రటి బుగ్గలు, కళ్ళలాంటి లైట్లు, అద్దంలా మెరిసే నికెల్ బంపరు. రెండోది బావమరిది నందకిశోర్ కొన్న ఖరీదైన ఎలక్ట్రిక్ కారు. దాని ముందుభాగం నోరు లేని ముఖంలా నున్నగా ఉంది. అది చప్పుడు లేకుండా గల్లీలోకి వచ్చినప్పుడు గడప మీది పిల్లి కూడా కళ్ళు తెరవలేదు.

"దీనికి పిడి ఏదిరా కిశోర్?" అంది సదాశివ భార్య సులోచన, కొత్త కారు తలుపు తడుముతూ.

"నా జేబుల ఫోనే తాళంచెవి అక్కా. నేను దగ్గరికొస్తే పిడి బయటికొస్తది. దూరం పోతే లోపలికి పోయి తాళం పడ్తది."

"గిది కారా, సబ్బుబిళ్ళనా?" అన్నాడు గడపలో నిలబడ్డ సదాశివ. "నా పెండ్లి బాపు కార్లనే అయింది. రేపు దాన్ని పక్కన పెడితే బాపు ఆత్మ ఊకుంటదా?"

"అండ్ల కూసుంటే నడుములు ఇరుగుతయి," అంటూ సులోచన కొత్త కారు ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

నందకిశోర్ స్టీరింగు దగ్గర కూర్చోగానే పెద్ద తెర వెలిగింది. అందులో గల్లీ, ఎదురుగా పాత కారు బొమ్మ, దాని ముందు బూడిదరంగు మనిషి ఆకారం.

"చుట్టూ ఎవరున్నా పసిగట్టి చూపిస్తది," అన్నాడు అతను గర్వంగా.

"మరి ఆడ ఎవరున్నరురా?"

ఇద్దరూ తలెత్తి చూశారు. పాత కారు ముందు మంచు తప్ప ఏమీ లేదు. తెర మీది మనిషి మాత్రం కదలకుండా నిలబడే ఉన్నాడు. మామగారు బతికుండగా రోజూ పొద్దున్నే బంపరు తుడుస్తూ నిలబడే చోటు అదే.

"మామయ్యా!" అని సులోచన కేక పెట్టింది.

నందకిశోర్ కారు దిగి, ఇంట్లోకి పరుగెత్తి, దేవుడి గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. అతనితోపాటు ఫోనూ వెళ్ళింది. కారు పిడులు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. తాళం పడింది. లోపలి నుంచి తలుపు తీసే మీట ఎక్కడుందో సులోచనకు తెలియదు.

సులోచన అరుపులు ఆ దళసరి అద్దాలు దాటి బయటికి రాలేదు. ఎదురింటి చంద్రమ్మకు మంచులో కనిపించిందల్లా, చప్పుడు లేకుండా నోరు తెరుస్తూ అద్దం మీద అరచేతులు కొడుతున్న ఒక ఆడమనిషి. చంద్రమ్మ చేతిలోని బిందె కిందపడింది.

"అయ్యో, సులోచనమ్మకు గాలి సోకింది!"

నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు వచ్చాయి. దిష్టి తీశారు. గల్లీ అంతా చేరింది. లోపల సులోచన ఒకసారి తెరను, ఒకసారి జనాన్ని చూసుకుంటోంది. బయట ఉన్నవాళ్ళకంటే తెర మీద ఎప్పుడూ ఒకరు ఎక్కువే.

ఈ మాట కిషన్‌బాగ్‌లోని మగపెళ్ళివారి ఇంటికి చేరేసరికి, పెళ్ళి ఆపడానికి పెళ్ళికూతురి తాత లేచి వచ్చాడని అయింది. వరుడి తండ్రి బాబురావు స్కూటరు మీద దిగాడు.

"బావగారూ, మీ బాపుకు మా సంబంధం పసంద్ లేదా ఏంది?"

"ఆయన పోయి మస్తు ఏండ్లాయె బావగారూ..."

"మరి ఇప్పుడెందుకొచ్చిండు? పెద్దాయన వద్దంటే నేను ముందటికి పోను."

సదాశివ ద్వారబంధం పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. గోరింటాకు చేతులతో నిలబడ్డ తన్మయి ముఖం పాలిపోయింది. ఆమె విసురుగా లోపలికి వెళ్ళి, దేవుడి గది తలుపు కాలితో తన్ని, మేనమామను బయటికి రప్పించింది. అతను దగ్గరికి రాగానే కారు తెరుచుకుంది. తన్మయి కాసేపు తెరను, పాత కారును మార్చి మార్చి చూసి, తన శాలువా తీసి పాత కారు బంపరు మీద కప్పింది.

తెర మీది మనిషి మాయమయ్యాడు.

"నాయిన గడపల నిలబడ్డడు గదా, ఆయన నీడ బంపర్ల పడ్డది," అంది తన్మయి. "ఇప్పటి కార్లకు గింత మెరుపు ఉండదు. దీని కెమెరా అది నిజం మనిషే అనుకుంది."

గల్లీ అంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు బాబురావు. సులోచన దిగగానే ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. "ఫికర్ పోయింది. నన్ను గూడ ఓ చక్కర్ తిప్పు కిశోర్!"

నందకిశోర్ బండి తీయబోతుండగా టింగ్ టింగ్ మని మోగింది. తెర మీద వెనక సీటు ఎర్రగా వెలుగుతోంది. కూర్చున్నవారు బెల్టు పెట్టుకోవాలట.

వెనక సీట్లో ఎవరూ లేరు.

తన్మయి సీటంతా తడిమి చూసింది. సంచీ లేదు, గొడుగు లేదు. మెత్తటి తోలు మాత్రం ఒకచోట కొద్దిగా కుంగి ఉంది. ఆమె మెల్లగా వెనక్కి జరిగింది. మోత ఆగలేదు. చివరికి బాబురావు చేయి వెనక్కి చాపి, ఖాళీ సీటుకు భక్తిగా బెల్టు పెట్టాడు.

మోత ఆగిపోయింది.

సదాశివ వంగి, కుంగిన సీటు వైపు చూశాడు. "బాపూ," అన్నాడు, "నువ్వు గూడ దీంట్లనేనా?"

మర్నాడు కొత్త కారెక్కడానికి నందకిశోర్ తప్ప ఎవరూ ముందుకు రాలేదు. వధూవరులు పాత కారులో కుదుపులు తింటూ హాలుకు వెళ్ళారు. పెద్దాయన వెనకాల కొత్త కారులో, ఏసీలో వచ్చాడు.