జడ్జిగారికి మా క్యాబేజీలు

కెనడాలో హాలిఫాక్స్ పట్నంలోని ఇల్లు అమ్మేసి కేప్ బ్రెటన్ కొండల్లో తోట వేసుకుందామన్నది నేనే.

“అక్కడ నీతో మాట్లాడేదెవరు లాకీ, కాకులా?” అంది మా ఆవిడ ఎఫీ.

నా నడుం వంగింది, మోకాళ్ళు అరిగాయి, కానీ క్యాబేజీలు మాత్రం బిందెలంత కాశాయి. చూసి మెచ్చుకునేవాడే లేడు. రేడియోలో వాతావరణం చదివేవాడికి “అవునా నాయనా” అని జవాబు చెప్పడం మొదలుపెట్టాను. బెంగగా ఉందని ఒప్పుకుంటే ఎఫీ గెలిచినట్టే. అందుకని నోరు మెదపలేదు.

ఒకనాడు పొరుగింటి మర్డీనా మేక మా తోటలో పడింది. దానికి గెడ్డం ఉందని ఆమె జడ్జి అని పేరు పెట్టింది. తీర్పు మాత్రం ఎప్పుడూ క్యాబేజీలకు వ్యతిరేకమే. మర్డీనా భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. క్షమించమంటూ పరిగెత్తుకొచ్చి, టీ తాగి, లోయలో అందరి కబుర్లూ చెప్పింది. ఎఫీ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మర్డీనా వెళ్ళిపోయాక గోడ గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

మర్నాడు నేనే గేటు గడియ తీశాను. తీసిన గడియలోనే జడ్జి వచ్చాడు, వెనకాలే మర్డీనా. అప్పటినుంచి అదే నా పని. తోట సగం ఖాళీ అయింది.

“గడియ ఎవరు తీశారు?” అంది ఎఫీ.

“గాలి.”

“ఈ ఊరి గాలికి వేళ్ళు కూడా ఉన్నాయన్నమాట!”

చివరికి మర్డీనా మేకను తాడుతో కట్టేసింది. ఇంట్లో మళ్ళీ అదే నిశ్శబ్దం. ఆగలేక ఒక మధ్యాహ్నం క్యాబేజీ చేతపట్టుకుని కంచె దాటాను. తాడు విప్పి లాగితే జడ్జి నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టాడు. గట్టిగా లాగాను. ఉన్నట్టుండి నా మీద పడ్డాడు. చూస్తే, వెనక నుంచి రెండు చేతులతో తోస్తున్నది మా ఆవిడ!

“నువ్వేంటి ఇక్కడ?”

“తాడు విప్పడానికే వచ్చా. నీ అడుగుల చప్పుడు విని దాక్కున్నా.”

“అయితే ఆ గాలి...?”

“మంగళవారాల గాలి నేను. మిగతా రోజులది నువ్వు.”

“బెంగగా ఉందని చెప్పొచ్చుగా?”

“చెబితే పెట్టె సర్దేస్తావు. నాకు ఈ తోట కావాలయ్యా!”

ఇంతలో మర్డీనా కిటికీ తెరిచింది.

“తోసింది చాల్లే, లోపలికి రండి. ఎప్పుడూ నేనే రావాలా? ఒక్కసారైనా తలుపు తడతారేమోనని చూస్తున్నా.”

తలుపు తట్టవచ్చన్న సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు. జడ్జి కొరికిన క్యాబేజీనే కానుకగా పట్టుకుని, తల వంచుకుని వెళ్ళాను.

బల్ల మీద మూడు కప్పులు ముందే పెట్టి ఉన్నాయి. రెండింటి అడుగున సన్నగా దుమ్ము. మర్డీనా అటు తిరిగి వాటిని ఏప్రన్‌తో గబగబా తుడిచింది.

ఎఫీ చూడనట్టే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“నిదానంగా టీ పెట్టండి మర్డీనా,” అంది. “మాకేం తొందర లేదు.”