ఇద్దరి ఫారం, ఐదుగురి ముందు

ఆ ఆదివారం చర్చి అయిపోయాక మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మా బాపు అబ్రాహాము, అవ్వ సాలవ్వ (నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం), అన్న జాన్, వదిన ఉమారాణి, జల్లెడ తిరిగిచ్చి పోదామని వచ్చి గంటన్నరైనా పోని పక్కింటి నాగవ్వ, ఎల్లారెడ్డి నుంచి బండి మీద వచ్చిన ఇన్సూరెన్స్ ఏజెంటు రాములు సారు. చివరన నేను, రూత్. ఇంటర్ రెండో సంవత్సరం. కొత్తవాళ్ళు వస్తే గోడకున్న క్యాలెండరు నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది.

అయినా ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. హెల్త్ ఇన్సూరెన్స్ ఫారం మనుషులకు దొరికిన వరం! ముప్పై పేజీలట, చీమలు పాకినట్టు అక్షరాలట, మన గుట్టంతా అడుగుతుందట. అడగనీయండి. ఇంత మర్యాదగా అడిగేవాళ్ళు మీకు ఇంకెవరున్నారు?

మా వదినకు పెళ్ళై ఆరేళ్ళు. పిల్లలు లేరు. "సంతానం ఉందా?" అని ఫారం ఒక్కసారే అడుగుతుంది. పక్కన చిన్న గడి. లేదని టిక్కు పెడితే, సరేనని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతుంది. ఊరు అలా వెళ్ళిపోతుందా? నాట్ల దగ్గర అడుగుతుంది, బస్సులో అడుగుతుంది, చావింటికి పోయినా అడుగుతుంది. లేరంటే ఎందుకు లేరంటుంది. ఫారం ఏనాడైనా మా వదినను పరగడుపున వేపాకు రసం తాగమందా?

వెయిటింగ్ పీరియడ్ అని ఒకటుంది. పాలసీ తీసుకున్నాక కాన్పు ఖర్చు రావాలంటే రెండేళ్ళో మూడేళ్ళో ఆగాలి. జనం దాన్ని అన్యాయమంటారు. మా ఊళ్ళో వెయిటింగ్ పీరియడ్ మూడు నెలలు. నాలుగో నెల నుంచి క్లెయిమ్ ఏదని కోడలి కడుపు వంక చూస్తారు. ఏది దయగల సంస్థ?

ఇక మినహాయింపులు. పాలసీలో వాటిని కనీసం అచ్చు వేసి ఇస్తారు. మా ఇంట్లో ఒకే ఒక శాశ్వత మినహాయింపు ఉంది, మా అన్న. పిల్లల ప్రశ్న ఏదీ ఆయనకు వర్తించదు. అది ఎక్కడా రాసి లేదు. అందరికీ కంఠస్థం.

సరే, ఆ ఆదివారం సంగతి. రాములు సారు మూడు ప్లాన్ల కాగితాలు చాప మీద పరిచాడు. మొదటిది మామూలు జబ్బులకు. రెండోదాంట్లో కాన్పు కూడా. మూడోదాంట్లో కాన్పుతో పాటు పిల్లల కోసం చేయించుకునే చికిత్స కూడా. కామారెడ్డిలో విత్తనాల గోదాములో పనిచేసే అన్నకు, మా వదినకు కావలసింది ఈ మూడోది. ఇది పూర్తిగా ఆ ఇద్దరి విషయం. అందుకని మిగతా ఐదుగురం చుట్టూ చేరాం. ఆ ఇద్దరిలో ఒకరైన వదిన వంటింట్లో చాయ్ పెడుతోంది.

"మన బర్రెకు ఇన్సూరెన్స్ జేసిన్నాడు చెవుకు బిళ్ళ కొట్టిండ్లు," అన్నాడు బాపు. "దీనికేం కొడతరు సారూ?"

"దీనికి కార్డు ఇస్తరు బాపూ," అన్నాడు సారు.

"మరి ఈనకపోతే పైసలు వాపసు ఇస్తరా?" అని నాగవ్వ.

"నాగవ్వా, బర్రె ముచ్చట అయిపోయింది," అన్నాడు అన్న.

"నేను గూడ బర్రెనే అడుగుతున్న," అంది నాగవ్వ, వంటింటి వైపు చూస్తూ.

లోపల గ్లాసుల చప్పుడు కాసేపు ఆగింది. అన్న గబగబా సంచిలోంచి కవరు తీసి సారుకు ఇవ్వబోయాడు. బాపు మధ్యలోనే అందుకుని నా చేతికిచ్చాడు.

"చదువకుంట ఏ కాయిదం ఇంట్లకెళ్ళి బయటికి పోవద్దు. చదువు బిడ్డా."

"నింపిన ఫారమే బాపూ. ఇంకేం చదువుడు?" అన్నాడు అన్న.

"నింపిందే చదవాలె."

మీకొక సంగతి చెప్పాలి. నలుగురిలో నోరు పెగలని నాకు, చేతికి కాగితమిస్తే వేరే గొంతు వస్తుంది. చర్చిలో వాక్యం చదివేది నేనే, ఇంటి ప్రార్థనలోనూ నేనే. నిలబడి, స్పష్టంగా, ఒక్క మాట వదలకుండా చదవాలి. చదువుతుండగా ఎవరూ అడ్డు రాకూడదు. మా ఇంట్లో కరెంటు బిల్లునైనా ఈ పద్ధతిలోనే చదువుతాను.

లేచి నిలబడ్డాను. అవ్వ అలవాటుగా కొంగు తల మీదికి లాక్కుంది. మా చర్చికి ఎన్నడూ రాని నాగవ్వ కూడా కప్పుకుంది.

ఫారమంతా ఇంగ్లీషు. ఒక్కో వరుస చదివి, వెంటనే దాన్ని తెలుగులో చెప్పాను. పేరు, వయసు, ఎత్తు, బరువు. పొగ తాగుతారా అంటే లేదని ఉంది. అన్నకు దగ్గు వచ్చింది, బాపు సంతోషంగా తలూపాడు. అలా ఏడో పేజీకి వచ్చాను. "సంతానం కొరకు ఇంతకుముందు చేయించుకున్న పరీక్షలు."

"ఆ పేజీ వద్దు చెల్లే," అన్నాడు అన్న.

"చదివేటప్పుడు నడుమల మాట్లాడద్దని తెల్వదారా?" అంది అవ్వ.

చదివాను. "భార్య: పరీక్షలన్నీ మామూలుగా ఉన్నవి. భర్త: లోపం ఉన్నది, చికిత్స అవసరం." తారీకు కూడా చదివాను. మూడేళ్ళ కిందటిది. ఇద్దరి సంతకాలున్నాయని కూడా చెప్పాను.

అలవాటు కొద్దీ అవ్వ "ఆమెన్" అంది.

నాగవ్వకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. ఇచ్చిన జల్లెడను మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

చూశారా ఫారం మహిమ! ఆరేళ్ళలో మా అన్నను ఒక్క ప్రశ్న అడిగింది అదొక్కటే. ఇక మా వదిన గెలిచినట్టే కదా? నేనూ అదే అనుకున్నాను. అంతలో అవ్వ కొంగు సర్దుకుని అంది.

"మొగనికి గట్లుంటే పెండ్లాం సూసుకోవద్దా? ఆరేండ్లు ఏం వండిపెట్టింది మరి?"

క్లెయిమ్ తిరస్కరించడంలో మా అవ్వ ముందు ఏ కంపెనీ నిలబడుతుంది చెప్పండి?

రాములు సారు నెమ్మదిగా, "ఇంతకు మూడో ప్లానే కదా?" అన్నాడు. అప్పుడు నాకు మహా గొప్ప ఆలోచన వచ్చింది. ఇంతసేపూ వదినను ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను! ఫారం పట్టుకుని, న్యాయం చేయబోతున్న మనిషిలా వాళ్ళ గదికి వెళ్ళాను. వంటింట్లోంచి ఎప్పుడు వచ్చిందో, వదిన మంచం మీద కూర్చుని ఉంది.

"వదినా, నీకు ఏ ప్లాన్ గావాలె?"

"మేమిద్దరం నెల కిందనే సూసుకున్నం రూతూ. టిక్కు నేనే పెట్టిన. సారు చేతికిచ్చుడే ఉండె."

"మంచే అయింది గద వదినా. ఇగ నిన్ను ఎవ్వరు ఏమనరు."

"నన్నంటే నేను పడుతుంటి. మీ అన్న పడలేడు. గందుకే మూడేండ్లు నోరు దెరవలే." వదిన లేచి తలుపు దగ్గరికి వచ్చింది. "అది ఇంగిలీషుల ఉండె గదనే. తెలుగుల ఎందుకు చెప్పినవ్?"

పాఠకులారా, ఈ ప్రశ్న ఫారంలో లేదు.

నేను చదివేటప్పుడు నా కళ్ళు నోటికంటే ఒక వరుస ముందుంటాయి. 'భార్య' అని పలికేటప్పటికే కింది వరుస చూశాను. పేజీ తిప్పేసి ఉండవచ్చు. ఇంగ్లీషులోనే వదిలేసినా సరిపోయేది, బాపుకూ అవ్వకూ నాగవ్వకూ అర్థమయ్యేది కాదు. కానీ బైబిలు చదివేటప్పుడు అందరూ తలలు వంచుకుంటారు. ఆ రోజు అందరూ తలలెత్తి నా నోటి వంకే చూస్తున్నారు. పదిహేడేళ్ళలో అలా ఎవరూ చూడలేదు. ఊరు ఆరేళ్ళుగా అడుగుతూనే ఉంది, జవాబు దొరకలేదు. పాపం, దానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి ఒకరు కావలసి వచ్చింది.

"తెల్వక చెప్పిన వదినా," అన్నాను.

వదిన నా చేతిలోని ఫారం తీసుకుంది. గడప మీద ఉన్న నా కాలు వెనక్కి తీసేదాకా ఆగి, తలుపు వేసింది.