రూలీన్ తెల్ల సీటు

రాజుగారి పుట్టినరోజుకు వీబ్రెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ, దాంతో ఒక్కటంటే ఒక్క బిస్కెట్టు. తొమ్మిదింటికి పక్కింటి రూలీన్ మొక్కలకు నీళ్లు, ఆమె సైకిలు చక్రాలకు గాలి. పన్నెండు గంటల రైలుకు ఆమె దిగుతుంది, తాళంచెవి ఆమె చేతిలో పెడితే పని అయిపోయినట్టే. మెప్పెల్ ఊరు ఊరంతా రాజవంశపు రంగని నారింజ చొక్కాలు తగిలించుకుని, వీధుల్లో పాత సామాను పరుచుకుని అమ్ముకునే రోజది. ఏటా ఆ రోజు వీబ్రెన్ కిటికీ తెరలు వేసుకుని ఇంట్లో కూర్చుంటాడు. నలభై ఏళ్లు కాలవ తూముల తలుపులు సరిగ్గా మూశారో లేదో చూసే ఉద్యోగం చేసిన మనిషి. పెద్దవాళ్లు తలకు నారింజ కిరీటాలు పెట్టుకుని తిరుగుతుంటే ఆయనకు ఒళ్లు మండుకొచ్చేది.

రూలీన్ మనవరాలు పుట్టిందని కూతురి దగ్గరకు వెళ్లి పది రోజులైంది. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం రాసిచ్చింది. "మొక్కలు: రోజు విడిచి రోజు. ఉత్తరాలు: బల్ల మీద. సైకిలు: గాలి కొట్టు. ఎక్కకు." ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది. ఎందుకంటే ఆ సైకిలుకు తెల్ల తోలు సీటు ఉంది. అరవయ్యో ఏట తనకు తానే కొనుక్కున్న సీటు అది. ఏటా రాజుగారి పుట్టినరోజున జరిగే అలంకరణ సైకిళ్ల పోటీకి కాగితం పూలు కట్టి మరీ తీసుకెళ్లేది. తొమ్మిదేళ్లు వెళ్లింది, తొమ్మిదిసార్లూ రెండో బహుమతే వచ్చింది. ఈసారి పోటీకి ఉండలేకపోతున్నందుకు మనవరాలి మీద కూడా కాస్త కినుకగానే రైలెక్కింది.

ఇదంతా వీబ్రెన్‌కు పట్టేది కాదు గానీ, మే నెలాఖరున ఫ్లీలాండ్ దీవికి సైకిళ్ల మీద వెళ్దామని రూలీనే అడిగింది. అడిగి ఊరుకోలేదు, డైరీ తెరిచి ఆ తేదీ కింద ఆయన పేరు పెన్నుతో రాసుకుంది. పెన్సిలుతో కాదు. భార్య పోయిన ఆరేళ్లలో ఆయన పేరు ఒకరి డైరీలోకి ఎక్కడం అదే మొదలు. ఆ రాత ఎక్కడ కొట్టివేతకు గురవుతుందోనని ఆయన పది రోజులుగా మొక్కలకు కొలిచి నీళ్లు పోస్తున్నాడు.

తొమ్మిదింబావుకు పంపు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి సైకిలు వెలుతురులోకి లాగాడు. సీటు మీద నీలంగా రెండు అర్ధచంద్రాలు కనిపించాయి.

అవెలా పడ్డాయో వీబ్రెన్‌కు వెంటనే అర్థమైంది. నిన్న సాయంత్రం తన సైకిలు పంక్చరైంది. రూలీన్ వచ్చేసరికి నారింజ పాకం పూసిన క్రీము బిస్కెట్లు తెద్దామంటే బేకరీ మూసే వేళైంది. రెండు కిలోమీటర్లే కదా అని ఆమె సైకిలెక్కాడు. సన్నగా జల్లు పడింది. కొత్తగా కొన్న ముదురు జీన్స్ తడిసింది. అంతే జరిగింది.

"అసలు కూర్చునే చోట తెల్ల తోలు ఎవరైనా పెడతారా?" అని ఖాళీ షెడ్డును గద్దించాడు. "పిర్రలకు రంగు అంటకుండా ప్యాంటు కుట్టడం చేతకాని వాళ్లు కొట్టెందుకు పెట్టాలి? ఆ బేకరీ వాడు ఇంకో గంట తెరిచి ఉంచితే వాడి సొమ్మేం పోతుంది?"

సబ్బునీళ్లతో తుడిచాడు. రెండు అర్ధచంద్రాలూ కలిసి ఒకే చెరువయ్యాయి.

ఎదురింటి యోప్ పొద్దున ఆరింటికే కాలిబాట మీద టేపు అంటించి తన చోటు ఖాయం చేసుకుని, దుప్పటి పరిచి పాత సామాను పేర్చుకుని కూర్చున్నాడు. ఇళ్లకు రంగులేసి రిటైరైన మనిషి. వీబ్రెన్ సైకిలు నడిపించుకుని రావడం చూసి అక్కడి నుంచే కేకేశాడు.

"ఏంటి, రూలీన్ సైకిలు అమ్మేస్తున్నావా?"

"మెల్లగా మాట్లాడు! మరక పడింది. ఇది పోవాలి. పన్నెండింటికి ఆవిడ దిగుతుంది."

యోప్ వంగి చూశాడు, తర్వాత వీబ్రెన్ వెనక్కి వెళ్లి ప్యాంటు కూడా చూశాడు. "ఎక్కొద్దందిగా?"

"అంది. అనకపోయినా నువ్వు గుర్తుచేసేవాడివే. మందు చెప్పు."

"రంగుల సంగతి నా దగ్గరా? స్పిరిటు. గుడ్డ తడిపి, సీటు మీద పరిచి, పైన బరువు పెట్టి పది నిమిషాలు వదిలెయ్. నీలాన్ని గుడ్డ పీల్చేస్తుంది." స్పిరిటు సీసా, మెత్తటి నూలు గుడ్డ అతనే ఇచ్చాడు. గుడ్డ పోయినేడు ఇదే పండుగకు కొన్న చొక్కా చింపి చేసిన ముక్క. ఆ రోజున ఆ ఊళ్లో నారింజరంగు కాని గుడ్డ కావాలంటే వెతుక్కోవాలి, కాబట్టి ఇద్దరిలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

పైన ఇటుక పెట్టారు. ఇంతలో ఒకావిడ యోప్ దోసెల పెనం బేరమాడుతూ, వీబ్రెన్‌ను సాక్ష్యానికి పిలిచి అరగంట నిలబెట్టేసింది. తీరా ఇటుక తీసి గుడ్డ ఎత్తితే సీటు నడుమ అరచేయంత నారింజ మచ్చ మెరుస్తోంది.

"యోప్! ఏంటిది?"

"నీలం పోయిందా లేదా?"

"పోయింది. నారింజ వచ్చింది!"

"నువ్వడిగింది నీలం పోవాలని. పోయింది. ఇవాళ్టికి ఇదే సరైన రంగు, ఏడవకు."

"నీ చేత ఇళ్లకు రంగులేయించుకున్న వాళ్లను తల్చుకుంటే జాలేస్తోంది," అని వీబ్రెన్ మళ్లీ స్పిరిటు పోసి రుద్దాడు. రుద్దేకొద్దీ నారింజ పక్కకు జరిగింది. జరిగిన చోట రుద్దితే ఇంకా పక్కకు జరిగింది.

యోప్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మధ్యలో ఉంటేనే మరక. అంతటా ఉంటే దాన్ని రంగంటారు. ఇంకొంచెం రుద్దు, సమానంగా వస్తోంది."

సమానంగానే వచ్చింది. పదకొండయ్యేసరికి సీటు ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా తెలుపన్నది లేదు. వీబ్రెన్ కళ్ల ముందు డైరీ, అందులో తన పేరు మీద అడ్డగీత కదలాడాయి. ఇక యోప్‌తో మాట్లాడి లాభం లేదు. సైకిళ్లు బాగుచేసేవాడి ఇల్లు చర్చి మైదానం అవతల ఉంది. పండుగైనా సరే తలుపు బాది లేపుతానని బయల్దేరాడు.

అలంకరణ సైకిళ్ల పోటీ జరిగేదీ అక్కడే. మైదానంలో అడుగు పెట్టగానే ముందు కాగితం పూల సైకిలు, వెనక బెలూన్ల సైకిలు, రెండు పక్కలా తాళ్లు. భుజానికి నారింజ పట్టీ వేసుకున్న బోల్‌హౌస్ అనే ఆవిడ, ఉత్సవ సంఘం అధ్యక్షురాలు, ఎక్కడి నుంచో ఊడిపడి హ్యాండిలుకు నంబరు అట్ట కట్టేసింది.

"మీది ముప్పై ఒకటి. వరస తప్పకండి."

"నేను పోటీలో లేనండీ!"

"మొదటిసారి వచ్చినవాళ్లంతా ఇలాగే సిగ్గుపడతారు."

"సిగ్గేంటి! ఇది నా సైకిలే కాదు."

"సొంతదై ఉండాలని నియమం లేదు. ముందుకు నడవండి, వెనక పిల్లలు ఆగిపోయారు."

"నాకు ఈ రంగంటేనే పడదండీ," అన్నాడు వీబ్రెన్ గొంతు పెంచి. కానీ అప్పటికి బాకాల మేళం మొదలైంది, ఆ మాట ఎవరి చెవినా పడలేదు. అరగంట పాటు మైదానం చుట్టూ ఆయన్ను తిప్పారు. ముఖం కందగడ్డలా చేసుకుని, ఎవరి వంకా చూడకుండా తిరిగాడు. వెళ్లిపోదామని తాడు ఎత్తబోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆయన్ను మర్యాదగా లోపలికి తోశారు.

తీర్పరులు ముగ్గురు. సీటు దగ్గర చాలాసేపు ఆగారు, ఒకాయన వేలితో రాసి చూసి తల ఊపాడు. కాసేపటికి బోల్‌హౌస్ మైకు అందుకుంది. "అందరూ పూలు కట్టారు, రేపు విప్పేస్తారు. ఈయన మాత్రం అసలు తోలుకే నారింజ అద్దాడు! నలభై సైకిళ్లలో ఇంత భక్తి ఇంకెక్కడా కనబడలేదు. మొదటి బహుమతి, ముప్పై ఒకటి!"

వీబ్రెన్‌ను సైకిలుతో సహా వేదిక ఎక్కించి, చేతికి వెండి కప్పిచ్చి, నెత్తిన కాగితం కిరీటం పెట్టారు. అక్కడి నుంచి చూస్తే స్టేషను దారి నేరుగా కనిపిస్తుంది. ఆ దారిలో చక్రాల పెట్టె లాక్కుంటూ రూలీన్ వస్తోంది. జనం అంతా చూస్తున్న వైపు చూసింది. పెట్టె వదిలేసి వేదిక ఎక్కింది.

వీబ్రెన్ ఇక దాచలేకపోయాడు. "రూలీన్, నేను ఎక్కాను. నిన్న. వాన పడింది, జీన్స్ కొత్తది. నీలం అంటింది. దాన్ని వదిలించబోతే ఇలా అయింది. ఫ్లీలాండ్ వద్దంటే వద్దను, ముఖం మీదే చెప్పు."

రూలీన్ సీటు చూసింది. తర్వాత వెండి కప్పు చూసింది.

"మొదటి బహుమతా?"

"ఆ."

"నా సైకిలుకేనా?"

"నీదే."

రూలీన్ కప్పు అందుకుని మైకు ముందుకు నడిచింది. "పేరు రాసుకోండి, రూలీన్ వెస్టర్. పదేళ్లు పట్టింది," అంది. జనం చప్పట్లు కొట్టారు.

"మరి వీరు?" అని వీబ్రెన్‌ను చూపించి అడిగింది బోల్‌హౌస్.

"ఈయనా? నా మొక్కలకు నీళ్లు పోస్తాడు."

వీబ్రెన్‌కు తిక్క నషాళానికంటింది. పొద్దుట్నుంచి ఆ మరక తనది కాదనిపించుకోవడానికి బేకరీని, బట్టల కొట్టును, తెల్ల తోలును, యోప్‌ను తిట్టిన మనిషి మైకు లాక్కున్నాడు. "మొక్కలకా! రెండు గంటలు వేళ్లు అరగదీసుకుని రుద్దింది ఎవరు? నాదండీ ఆ మరక! అంగుళం అంగుళం నేను అంటించిందే! కావాలంటే ఈ ప్యాంటు చూడండి!" అని వెనక్కి తిరిగి ఊరంతటికీ చూపించాడు.

వేదిక దిగాక రూలీన్ కప్పును హ్యాండిలుకు తగిలించింది. సైకిలు తనే నడిపించింది, పెట్టె వీబ్రెన్ లాగాడు. ఇంటి ముందు ఆగి అంది: "ఎక్కకు అని రాశాను. రెండు గీతలు గీశాను."

"గీశావు."

రూలీన్ డైరీ తెరిచింది. వీబ్రెన్ మెడ చాచి చూశాడు. ఆయన పేరు అలాగే ఉంచి, పక్కన పెన్నుతోనే రాసింది: "సొంత సైకిలు. పాత ప్యాంటు."

మర్నాటి ఊరి పత్రికలో ఫొటో పడింది. దాని కింద, "విజేత రూలీన్ వెస్టర్, తన సైకిలుతో. పక్కన కిరీటంతో ఉన్నది దారిన పోయే ఒకాయన" అని వేశారు.