తోలు దాటిన మందు, కౌంటరు దాటని కుప్పయ్య

అడ్డుకునేవాడున్న చోట అడక్కుండా లోపలికి పోగలిగినవి ఇంతవరకూ ఈ లోకంలో రెండే. ఒకటి దోమ, రెండోది సిఫారసు ఉత్తరం. ఇప్పుడు మూడోది పుట్టింది. దాని పేరు కొవ్వు నలుసు. సైన్సువాళ్లు లిపిడ్ నానోపార్టికల్ అంటారు.

వెంట్రుక మందంలో వెయ్యో వంతుండే కొవ్వు బుడగ అది. దాని కడుపులో మందు పెట్టి లేపనంగా రుద్దితే, మన తోలు పైపొరలో ఉండేదీ కొవ్వే గనుక, చుట్టాలొచ్చినారనుకొని దారిస్తుంది. మాత్ర మింగే పని లేదు, సూది పొడిచే పని లేదు. పది నిమిషాల్లో మందు లోపలుంటుంది. ఎంత మందం తోలైనా మందును ఆపలేదు. (ఆఫీసుల్లోని తోళ్ల మీద పరిశోధన ఇంకా సాగుతోంది.)

ఇంత చొరవ ఉన్న మందును ఊరికే వదిలేస్తే ఎవరిలోకి పడితే వాళ్లలోకి దూరిపోతుంది. అందుకని తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో, ‘చర్మ ప్రవేశ ఔషధ పంపిణీ విభాగం’ తెరిచారు. ధనశేఖర్ గారిని చర్మ ప్రవేశాధికారిగా వేశారు. మంగళవారం మాత్రమే పంపిణీ. ట్యూబు ఇంటికివ్వరు (ఇస్తే బజార్లో తేలుతుంది). అధికారి ఎదుటే రుద్దుకోవాలి. వేలిముద్ర ఎవరిదో మందు వారిదే. మందు చారెడు, మంది బారెడు. లేపనం కావాలంటే ముందు అధికారిని లేపడం కావాలి.

నగరి నుంచి కుప్పయ్య వచ్చినాడు. మరమగ్గాల పని. అంతకు ముందు పదేళ్లు నూలుకు రంగులద్దినాడు. ఆ రంగులు తోలును తిని తిని వేళ్లు పది కూడా పొట్టు లేచి, పగిలి, నెత్తురు కారుతున్నాయి. తెగిన పోగును ముడెయ్యబోతే పోగు వేలికే తగులుకుంటుంది. ఆడికృత్తికలోగా చేతులు బాగు చేసుకో, లేదంటే నీ మగ్గానికి ఇంకో మనిషిని పెట్టుకుంటానని మగ్గాల యజమాని జయచంద్ర చెప్పేసినాడు. పండక్కి ఆరు వారాలుంది. ఈ రోగానికి ఈ మందే సరైనదని పెద్ద డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

కుప్పయ్య కౌంటరు మీదున్న వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టినాడు. మిషను ఎర్రగా చూసింది. వేలిమీద గీతలు లేవంది. మిగతా తొమ్మిది వేళ్లూ మార్చి పెట్టినాడు. గీతలుంటే ఆయన ఈడికెందుకొస్తాడన్న సంగతి మిషనుకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు ఆయన భార్య మునిలక్ష్మికి ఉపాయం తట్టింది. రేషన్ బియ్యానికి ఇంట్లో ఎవరి వేలైనా సరిపోతుంది కదా. ఆమె వేలు పెట్టింది. మిషను పచ్చగా వెలిగింది. ఆ క్షణం నుంచి రికార్డుల ప్రకారం రోగి మునిలక్ష్మి.

“సారూ, రోగం ఈయనది. నా చేతికి రుద్దితే ఈయనకెట్లా పోతాది?” అని అడిగింది.

“తోలు దాటి పోయే మందమ్మా ఇది. కాపురం దాటి పోదా?” అన్నారు ధనశేఖర్ గారు, గడియారం చూస్తూ.

మునిలక్ష్మి రుద్దుకుంది. రుద్దుకున్న చేతులతో పరుగున వచ్చి, ముద్ర పడలేదని గేటు బయటికి పంపేసిన మొగుడి చేతులు గట్టిగా పట్టుకుంది. (పెళ్లిలో పంతులు చెప్పినా అంత గట్టిగా పట్టుకోలేదట.) కానీ గేటు దాకా వచ్చేసరికి పది నిమిషాలు దాటిపోయింది. నలుసులు తమ డ్యూటీలో చేరిపోయినాయి. ప్రభుత్వ సొమ్ముతో నడిచేవాటిలో వేళకు డ్యూటీలో చేరేవి అవే.

ఆరు మంగళవారాలు. ఆరుసార్లు బస్సు, ఆరుసార్లు పరుగు. మునిలక్ష్మి చేతులు వెన్నముద్దలైనాయి. వీధిలో ఆడోళ్లు ఏ క్రీము వాడతావని అడగడం మొదలుపెట్టినారు. ఆడికృత్తిక వచ్చింది, పోయింది. కుప్పయ్య మగ్గం దగ్గర ఇంకో మనిషి చేరినాడు.

ఈలోగా విభాగం నివేదిక వెలువడింది. వేలిముద్ర పడినవాళ్లందరినీ పరీక్షించగా, నూటికి నూరు మందికీ చర్మం ఆరోగ్యంగా ఉందని తేలింది. దేశంలో మరే మందూ సాధించని ఫలితం. ధనశేఖర్ గారికి శాలువా కప్పారు. (శాలువా తోలు దాటి లోపలికి పోలేదు, పైనే నిలిచింది.)

ఏడో మంగళవారం కుప్పయ్యను లోపలికి పిలిచినారు. ఇన్నాళ్లకు కౌంటరు దాటినాడు. ధనశేఖర్ గారు కుర్చీ చూపించి, ఒక కాగితం ముందు పెట్టారు. లబ్ధిదారు మునిలక్ష్మి పూర్తిగా కోలుకున్నందున మందు నిలిపివేయుటకు కుటుంబ పెద్దనైన నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు అని ఉంది.

“సంతకం పెట్టాలంటే పెన్ను పట్టుకునే గతి లేదు సారూ. పట్టుకుంటే నెత్తురొస్తాది. వేలు పెడదామంటే మీ మిషను ఒప్పుకోదు.”

“దీనికి మిషనెందుకప్పా” అని ఆయన సొరుగులోంచి సిరా డబ్బా తీశారు. కుప్పయ్య బొటనవేలిని మెల్లగా పట్టుకొని, అద్ది, కాగితం మీద ఒత్తారు. గీత ఒక్కటి లేని నల్లటి మచ్చ పడింది.

ధనశేఖర్ గారు కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

“బాగా పడిందప్పా” అన్నారు.