గాజు తలుపుల మధ్య హెడ్ అకౌంటెంటు

ఆ ఉదయం హెడ్ అకౌంటెంటుగారు పెట్టుకున్న పని ఒక్కటే. పదిన్నరకు డైరెక్టర్ల ముందు కూర్చుని, డిప్యూటీ మేనేజరు పోస్టు తనకు కాక ఇంకెవరికి ఇస్తారో తేల్చుకోవాలి. పోటీలో ఉన్న రెండోవాడు స్వయానా బావమరిది. తను కాళ్లరిగేలా తిరిగి స్టోర్సులో ఉద్యోగం వేయించిన మనిషే తనకు ఎసరు పెట్టడం ఆయనకు మింగుడు పడటం లేదు.

"మీ తమ్ముడికి కాస్త బుద్ధి చెప్పు," అన్నారు భార్య చేతిలోంచి భోజనం డబ్బా అందుకుంటూ.

"ఎవరికొస్తేనేం, ఇద్దరూ మనవాళ్లేగా," అందావిడ. ఆ మాటతో ఆయనకు ఒళ్లు మండిపోయింది. మెట్లు దిగుతున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉన్నారు.

కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు ఆఫీసుకు పెట్టి ఏడాదైంది. బయట ఒక గాజు తలుపు, కాస్త లోపల ఇంకొకటి. అందరితోపాటు ఆయనకూ కార్డు ఇస్తే, కవరైనా విప్పకుండా సొరుగులో పడేశారు. ఈ కంపెనీ రేకుల షెడ్డులో ఉన్నప్పటి నుంచి లెక్కలు రాస్తున్న మనిషి, గోడకు కొట్టిన డబ్బా ముందు నిలబడి లోపలికి రానా అని అడగాలా? ఆయన గుమ్మం దగ్గర ఒకసారి దగ్గితే చాలు, ముందు వెళుతున్నవాళ్లు తలుపు పట్టుకుని నిలబడేవారు. ఎక్కువసార్లు పట్టుకున్నది బావమరిదే.

మూణ్ణెల్లకోసారి వచ్చి బ్యాటరీలు మార్చి, డబ్బాలు తుడిచి వెళ్లే మెకానిక్ క్రితం సాయంత్రమే దిగాడు. "వాడకుండా పడున్న కార్డులు ఉన్నాయండీ, తీసెయ్యమంటారా?" అని అడిగితే హెడ్ అకౌంటెంటుగారు ఫైల్లోంచి తలెత్తలేదు.

"వాడనివాళ్లు ఉంటేనేం, ఊడితేనేం. తీసిపారెయ్," అన్నారు.

మెకానిక్ బుద్ధిమంతుడు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. పనిలో పనిగా ఒకరి కార్డు మీద ఇద్దరు దూరకుండా తలుపులు బిగించాడు.

పొద్దున టైపిస్టు వెనకాలే ఆయన మొదటి తలుపు దాటారు. ఆవిడ రెండోది కూడా దాటింది. ఈలోగా రెండు తలుపులూ మూసుకుని, నెత్తిమీద సైరన్ మొదలైంది. హెడ్ అకౌంటెంటుగారు దగ్గారు. తలుపు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా దగ్గారు.

"నేనయ్యా, తెరవండి," అన్నారు చివరికి.

లోపల్నుంచి బావమరిది పరుగున వచ్చాడు. "మీ కార్డేది బావగారూ?"

"సొరుగులో ఉంది, పట్రా."

కార్డు తలుపు కింది సందులోంచి వచ్చింది. ఆయన పళ్లు కొరుకుతూ కవరు చించి డబ్బా ముందు పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. తిరగేసి పెట్టారు. మళ్లీ ఎరుపే.

సైరన్ విని వచ్చిన మెకానిక్ తన లాప్‌టాప్ చూసి పెదవి విరిచాడు. "ఇది నిన్న తీసేసిన కార్డండీ. ఇచ్చిన దగ్గర్నుంచి ఒక్కరోజూ వాడలేదు. ఆ మనిషి మానేసి ఉంటాడు."

"ఎవడయ్యా మానేసింది? నీ కళ్లెదుట నిలబడి ఉంటే."

"నాకు కనిపిస్తున్నారండీ. దానికి కనిపించాలిగా."

జీతాలు చూసే మేడమ్ కూడా వచ్చింది. కార్డు పోతే మనిషి మానేసినట్టే తన కంప్యూటర్లో పడుతుందట. పొద్దున్నే ఆయన జీతం ఆపేసిందట. మళ్లీ చేరాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలని ఎంతో మర్యాదగా చెప్పింది. "నీ మొదటి జీతం లెక్క కట్టింది నేనమ్మా," అని ఆయన గాజు మీద అరచేత్తో కొట్టారు. దానికి సైరన్ ఇంకాస్త పెద్దదైంది తప్ప తలుపు కదల్లేదు.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్లు వచ్చారు. మధ్యలో మనిషి ఇరుక్కుని ఉంటే బయటి తలుపు ఎవరికీ తెరుచుకోదు. ఛైర్మన్‌గారు ఎండలో చెమటలు కక్కుతూ, గోడనున్న స్పీకర్లో అడిగారు. "లోపల ఎగురుతున్న ఆయన ఎవరు?"

"ఏడాదిగా ఆఫీసుకు రాని మనిషండీ," అన్నాడు మెకానిక్.

హెడ్ అకౌంటెంటుగారు రెండు చేతులూ ఊపారు. జ్వరంతో మూలుగుతూ వచ్చిన రోజులున్నాయి. సొంత కూతురి పెళ్లి మర్నాడే వచ్చి కూర్చున్నారు. అలాంటి మనిషిని రాలేదంటారా? ఈలోగా ఛైర్మన్ గొంతు పెంచడంతో మెకానిక్ మెయిన్ ఆపేశాడు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

ఇంటర్వ్యూకి మొదట బావమరిదిని పిలిచారు. "మీ కార్డు లెక్క ప్రకారం రోజూ అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక వెళ్లారు. అయినా స్టోర్సులో పని పేరుకుపోయే ఉంది," అని పెదవి విరిచి పంపించేశారు. అతను బయట గుమ్మం పక్కనే కూలబడ్డాడు.

హెడ్ అకౌంటెంటుగారు లోపలికి వెళ్లగానే ఛైర్మన్ లేచి చెయ్యి కలిపారు. "మీరు ఏడాదిగా ఒక్కరోజూ రాలేదు. అయినా లెక్కలు ఒక్క పూటైనా ఆగలేదు. మీరు లేకపోయినా పని నడిచేలా మనుషుల్ని తయారుచేశారు. మేనేజరంటే అదీ."

"రాకపోవడమేమిటండీ?" ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "నేను రోజూ..."

సంతకం పెట్టబోతున్న ఛైర్మన్ పెన్ను ఆగింది. "రోజూ వచ్చారా? అంటే మీరు దగ్గర కూర్చుంటే తప్ప మీ వాళ్లకు పని చేతకాదా? అయితే మళ్లీ ఆలోచించాల్సిందే."

హెడ్ అకౌంటెంటుగారు పెన్ను వంక చూశారు. ఇన్నేళ్ల హాజరంతా ఒకసారి లెక్కేసుకున్నారు. ఇలాంటి అన్యాయం ఏ ఆఫీసులోనైనా ఉంటుందా అనుకున్నారు.

"రాలేదండి," అన్నారు.

బయటికి వచ్చేసరికి భార్య ఫోను. "తమ్ముడు అంతా చెప్పాడు. పోస్టు వచ్చినందుకు సంతోషం. ఏడాదిగా ఆఫీసు గడప తొక్కలేదని మీ నోటితో మీరే ఒప్పుకున్నారట. మరి రోజూ పొద్దున్నే నా చేత డబ్బా కట్టించుకుని ఎక్కడికి వెళుతున్నారు?"

"ఆఫీసుకేనే. కావాలంటే మీ తమ్ముణ్ణే అడుగు, వాడే తలుపు పట్టుకునేవాడు. ఉండు, వాడి చేతే చెప్పిస్తాను," అంటూ కొత్త డిప్యూటీ మేనేజరుగారు ఫోను పట్టుకునే స్టోర్సుకు పరుగు తీశారు.

బావమరిది అప్పటికే ఏడాది సెలవుకు దరఖాస్తు పెట్టి వెళ్లిపోయాడు.